అమ్మ పూలతోటలో పదిరోజులు

ఆడపిల్లకు పుట్టింటి మీద మమకారం ఎంత వయస్సు వచ్చినా తీరదంటారు. మా ముగ్గురు అక్కచెల్లెళ్ళ విషయంలో ఆ మమకారంలో సగం అమ్మది, తక్కిన సగం ఆమె పెరట్లో పెంచిన పూలచెట్లది. మాలో పెద్దది కోయంబత్తూరులోనూ, నడిపిది బెంగుళూరులోనూ, చిన్నది పూణేలోనూ కాపురాలు చేసుకుంటున్నాము. ముగ్గురమూ పిల్లాజెల్లాతో ఒకేసారి హోసూరు చేరడం ఏ మూడునాలుగేళ్ళకో గాని కుదరదు. ఈ వేసవి సెలవుల్లో కుదిరింది. పదిరోజులు ఉన్నాము. ఆ పదిరోజుల ముచ్చట్లు మన పత్రిక చదివే కుటుంబాలవారికి కొత్తవేమీ కాకపోవచ్చు. ఎవరి అమ్మ పెరట్లో వారికి ఇలాంటివి ఉండనే ఉంటాయి. అయినా పెరళ్ళు తగ్గిపోతున్న రోజులు గనుక రాసి ఉంచడం మంచిదనిపించింది.

హోసూరు తెలియనివారికి రెండు మాటలు. బెంగుళూరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 3000 అడుగుల ఎత్తున ఉన్న ఊరు. ఎండాకాలంలో కూడా రాత్రి ఒక పలుచటి దుప్పటి కావలసి వస్తుంది. ఊరు తమిళనాడులోనిదే గాని కన్నడ సరిహద్దు కూతవేటు దూరం, తెలుగు సరిహద్దు కూడా మరీ ఎక్కువ దూరం కాదు. సంతలో బేరం ఒక భాషలో మొదలై మరో భాషలో తెగుతుంది. మా అమ్మ 1964లో కుప్పం దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి కోడలై వచ్చింది. అప్పుడు పుట్టింటివారు ఉత్తరం రాస్తే చిరునామాలో సేలం జిల్లా, మద్రాసు రాష్ట్రం అని రాసేవారు. 1965లో అది ధర్మపురి జిల్లా అయింది. 1969లో రాష్ట్రం తమిళనాడు అయింది. 2004లో జిల్లా మళ్ళీ కృష్ణగిరి అయింది. అమ్మ మాత్రం అదే ఇంట్లో, అదే పొయ్యి ముందు ఉన్నది. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుండుమల్లె కూడా నాటినచోటనే ఉన్నది.

ఆ గుండుమల్లె సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళైన కొత్తలో మా అమ్మమ్మ తన పెరట్లోని మల్లెకొమ్మను వంచి మట్టిలో తొక్కి, వేళ్ళు పట్టిన తరువాత కోసి, తడిగుడ్డలో చుట్టి పంపించిందట. సారెతోపాటు వచ్చిన సామానులో ఇవాళ మిగిలినవి రెండే: ఒక ఇత్తడి బిందె, ఆ మల్లెపొద. బిందెకు సొట్టలు పడ్డాయి. పొద ఏటేటా కొత్తదవుతుంది. కార్తీకం వెళ్ళాక అమ్మ దానికి కొన్నాళ్ళు నీళ్ళు మానేస్తుంది. ఆకు దూస్తుంది. కొమ్మల్ని మోకాలెత్తుకు కత్తిరించి, మొదలు గుల్లచేసి, మాగిన పేడ ఎరువు వేస్తుంది. చూసేవారికి చెట్టును చంపుతున్నట్టే ఉంటుంది. మల్లె పూసేది కొత్త చిగురు మీద గాని పాతకొమ్మ మీద కాదు. అందుకని ఆ కోత. మాఘంలో చిగురు వస్తుంది, ఫాల్గుణంలో మొగ్గ పడుతుంది, ఉగాదినాటికి పొదంతా తెల్లబడుతుంది. మేము వెళ్ళేసరికి చైత్రం పూర్తయి, పూత ఒక విడత అయిపోయి, రెండో విడత నడుస్తున్నది.

ఇంటి వెనుక స్థలం ఎనిమిది సెంట్లు. తోట అని మేము గొప్పకు అంటున్నాము గాని, ఉద్యానశాస్త్రం చదివినవారు చూస్తే నవ్వుతారు. వరసలు లేవు, మళ్ళు లేవు, దారి కూడా సరిగా లేదు. చాలాకాలం మేము కూడా అమ్మ చోటు దొరికినచోట ఏదో ఒకటి గుచ్చుతుందనే అనుకునేవాళ్ళం. ఈసారి మా పెద్దల్లుడుగారు, ఆయన ఇంజనీరు, ఒక సాయంత్రం కూర్చుని చూసి అసలు సంగతి కనిపెట్టారు. అమ్మ చెట్లను నీళ్ళవెంట పెట్టింది. స్నానాలగది నీరు జలదారిలో పడి పారేచోట మందారాలు, నందివర్ధనం ఉన్నాయి. బట్టలు ఉతికే బండ పక్కన అరటిచెట్లు. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర కనకాంబరాలు. బియ్యం కడిగిన నీళ్ళు చెంబుతో పట్టుకుపోయి పోసేంత దూరంలో గులాబీలు. బోరునీళ్ళు అచ్చంగా దక్కేది మల్లె, జాజి, సంపంగి, పారిజాతాలకు మాత్రమే. ఇంటిల్లిపాది వాడిపారేసిన నీళ్ళతో సగం తోట బతుకుతున్నదన్నమాట.

పొద్దున్నే పూలు కోసే పని పిల్లలకు అప్పగించారు. దీనికీ ఒక క్రమం ఉన్నది. అన్నింటికన్న ముందు పారిజాతాలు, ఎందుకంటే తెల్లవారకముందే అవి రాలిపోతాయి. కింద పడిన పువ్వు పూజకు పనికిరాదనే నియమం ఆ ఒక్క పువ్వుకు లేదు గనుక అమ్మ రాత్రి పడుకోబోయేముందు చెట్టుకింద ఊడ్చి, పాత పంచె ఒకటి పరిచి ఉంచుతుంది. ఆ తరువాత మందారం, నందివర్ధనం. మల్లెమొగ్గలు ఎండ ఎక్కకముందే కోయాలి. విచ్చిన మల్లె మాలకు పనికిరాదు. పొద్దున్న గట్టిగా, కొనతేలి, పాలతెలుపుగా ఉన్న మొగ్గ ఆ సాయంత్రం విచ్చుకుంటుంది. రేపు విచ్చే మొగ్గకు ఇంకా ఆకుపచ్చ ఛాయ పోదు. ఈ తేడా పట్టడానికి మా పూణే పిల్లవాడికి నాలుగు రోజులు పట్టింది. పచ్చిమొగ్గ కోసినప్పుడల్లా అమ్మ కోప్పడలేదు గాని, "రేపటిది ఈపొద్దే తినేసినావు గదరా" అని ఊరుకునేది.

రాత్రిపూట విచ్చే పువ్వులు చాలావరకు తెల్లగానే ఎందుకుంటాయని ఒకరు అడిగారు. చీకట్లో తిరిగే రెక్కలపురుగులకు తెలుపు కనపడుతుంది, వాసన దారి చూపిస్తుంది, రంగుతో వాటికి పనిలేదు. మందారానికి పగటి చుట్టాలు గనుక ఎరుపు పెట్టుకున్నది, వాసన దండగ అనుకున్నది.

పిల్లలందరికీ ఎక్కువ నచ్చినవి మాత్రం కనకాంబరాలు. పువ్వుకోసం కాదు, కాయకోసం. ఎండిన కనకాంబరపు కాయమీద నీటిచుక్క పడితే కొన్ని క్షణాలలో టప్పుమని పగిలి గింజలు ఎగిరిపడతాయి. మొదటి వాన పడినప్పుడు గింజ చెట్టుకు దూరంగా పడాలని ప్రకృతి చేసిన ఏర్పాటు. మా చిన్నప్పుడు ఆ కాయల్ని నోట్లో తడిపి ఒకరి జుట్టులో ఒకరం పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు వీళ్ళు గిన్నెలో నీళ్ళుపోసి అందులో వేసి, మధ్యాహ్నం పెద్దలు నిద్రపోయే గదిలో పెట్టారు. అమ్మ దగ్గర ఢిల్లీ కనకాంబరం కూడా ఉన్నది. దాని రంగు కొంచెం ఎరుపు, రేకులు పెద్దవి, గింజ కట్టదు, కొమ్మ నాటి పెంచుకోవలసిందే. గింజ కట్టని దానితో పిల్లలకేం పని? దానివంక చూడలేదు.

ఇక పేర్ల రభస. ఈ ఇంట్లో ఒక్క పువ్వుకు నాలుగు పేర్లు. బొండుమల్లె అంటే కోయంబత్తూరు పిల్లలు మల్లిగై అంటారు, బెంగుళూరువారు మల్లిగె అంటారు, పూణే పిల్లవాడు మోగ్రా అంటాడు. అంతవరకు చిక్కులేదు. చిక్కు వచ్చేది ఒకే మాట వేరువేరు పూలకు వాడినప్పుడు. అమ్మ ఒకరోజు "సంపంగి తెండి" అన్నది. బెంగుళూరు పిల్ల చరచరా పోయి దోటితో బంగారురంగు సంపంగి దింపింది. వాళ్ళ మల్లేశ్వరంలో ఆ చెట్టు పేరనే సంపిగె రోడ్డు ఉన్నది గదా. కోయంబత్తూరు పిల్ల తెల్లటి కాడపూలు కోసుకొచ్చింది. తమిళంలో సంపంగి అంటే మనం నేలసంపంగి అనే పువ్వు. మన సంపంగిని వాళ్ళు శెణ్బగం అంటారు. మందారం సంగతి ఇంతకన్న అన్యాయం. మనకు మందారం అంటే ఎర్రటి పూజపువ్వు. దాన్ని తమిళులు సెంబరుత్తి అంటారు, కన్నడిగులు దాసవాళ అంటారు. మన సీమవైపు పల్లెల్లో దాసాని అంటారు. తమిళంలో మందారై అంటే మన దేవకాంచనం. అదీ చాలక సాయంకాలం పూసే మన చంద్రకాంతను వాళ్ళు అందిమందారై అంటారు. కన్నడంలో అది సంజెమల్లిగె, మరాఠీలో గుల్బక్షి. పిల్లలు ఎవరిది వారు సరి అని పోట్లాడుకున్నారు. నిజానికి అందరిదీ సరే.

తగవు తీర్చడానికి తమ్ముడి కూతురు ఒక ఉపాయం చెప్పింది. అవ్వ నోట వచ్చిన పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసుకుందామన్నది. ఆమె పన్నెండో తరగతి పరీక్షలు రాసి కూర్చున్నది. మంచి ఆలోచనే, కాని రాసేదెట్లా? ఆరుగురు పిల్లలూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు రాయడం రాదు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడులలో తమిళం అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. నేర్వడం మంచిదే, తమ్ముడి కూతురికి తమిళంలో మార్కులు బాగా వస్తాయి కూడా. తెలుగు మాత్రం ఇంటిమాటగా నిలిచిపోయింది. అంచేత ఆమె తమిళలిపిలోనూ, బెంగుళూరు పిల్ల కన్నడలిపిలోనూ, పూణే పిల్లవాడు దేవనాగరిలోనూ రాశారు. అమ్మకు వచ్చినది ఒక్క తెలుగు చదువే. అందుచేత ఎవరు రాసినది వారిచేతనే చదివించుకుని దిద్దింది. కన్నడమూ, నాగరీ గట్టెక్కాయి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం గనుక గన్నేరు కన్నేరు అయింది. దానికి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప, బ లకు కూడా ఒకటే అక్షరం. పైగా సున్న తరువాత వచ్చే త వాళ్ళకు ద లాగా పలుకుతుంది. కోయంబత్తూరు పిల్ల ఆ పుస్తకం అందుకుని పెద్దగా చదివింది: "అవ్వ దండకు కావలసినవి పంది, చేమంతి, మరువం." బంతి అని రాసినది పంది అయి కూర్చున్నది. అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నది. ఆ తరువాత పదిరోజులూ ఇంట్లో బంతిపువ్వుకు ఆ పేరే.

ఆ పుస్తకంలో చివరికి నలభై మూడు పేర్లు తేలాయి. అందులో ఏవి మన దేశపు పూలు, ఏవి బయటినుంచి వచ్చినవి అని పెద్దల్లుడుగారు లెక్క తీశారు. మల్లె, జాజి, పారిజాతం, సంపంగి, మొగలి, కనకాంబరం ఈ నేలవే. బంతి మెక్సికో దేశపుది. నేలసంపంగిదీ ఆ దేశమే. దేవగన్నేరు, చంద్రకాంత, కాగితంపూలు అన్నీ అమెరికా ఖండంనుంచి ఓడలెక్కి వచ్చినవే. బంతి లేకుండా మన గుమ్మానికి తోరణం లేదు, దేవగన్నేరు లేని గుడి లేదు. ఎవరైనా వాటిని పరదేశపు పూలంటారా? అమ్మకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. "వచ్చినవే బాగా కాస్తాయి లే. నేనూ వచ్చినదాన్నే గదా" అన్నది.

హోసూరు పూలంటే బయటివారికి గుర్తుకు వచ్చేవి గులాబీలు. ఊరిచుట్టూ ప్లాస్టికు పందిళ్ళకింద ఎకరాలకొద్దీ పెంచి, పెట్టెల్లో పేర్చి విమానాలమీద పరదేశాలకు పంపుతారు. ఫిబ్రవరి 14 దగ్గరపడితే ఆ తోటలలో పనివారికి ఊపిరాడదు. మూర పొడవు కాడ, నున్నటి ఎర్రరేకులు, వారంరోజులు వాడని బతుకు. మరదలు తెలిసినవారింటినుంచి ఒక కట్ట తెచ్చి నీళ్ళలో పెట్టింది. అందరూ వాసన చూశారు. వాసన లేదు. అమ్మ పెరట్లో ఉన్నది పన్నీరు గులాబి. చిన్నది, వంకర కాడ, పూసిన మరునాటికే రేకులు రాలుస్తుంది. ఆ రాలిన రేకుల్ని పటికబెల్లంతో సీసాలో ఎండబెట్టి అమ్మ పిల్లలకు పెడుతుంది. రెండింటిలో ఏది గొప్పదని మేము అడగలేదు. ఆ తోటలమీద ఎన్నో సంసారాలు బతుకుతున్నాయి.

సాయంత్రం నాలుగు దాటాక చంద్రకాంతలు విచ్చుకునే వేళకు అందరం వెనుక వసారాలో చేరేవాళ్ళం. తడిపిన అరటినార, మల్లెమొగ్గల పళ్ళెం, మధ్యలో మరువం. అమ్మ చేతివేళ్ళు కొంచెం వంకరపోయాయి గాని ముడి మాత్రం ఇంకా అదే బిగువు. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, నార ఒక చుట్టు, లాగితే ముడి. నడిపిదాని మాల వదులు, చిన్నదాని మాలలో మొగ్గలన్నీ ఒకేవైపు. కట్టిన మాలను అమ్మ మోచేతినుంచి వేలికొనదాకా పెట్టి మూర కొలిచేది. అంగట్లో పూలమ్మి మూర ఎందుకు పొట్టిదో కూడా చెప్పింది: పూలమ్మేవాళ్ళు కొలిచేటప్పుడు మోచేతిని కాస్త లోపలికి మడుస్తారట. మేము వెళ్ళిన నాలుగోనాడు ఆడపిల్లలు ముగ్గురికీ పూలజడలు వేసి, దీపాలు పెట్టేవేళకు మొగ్గలు జడమీదనే విచ్చుకుంటుంటే అందరినీ వరసగా నిలబెట్టి చూసుకున్నది. తమ్ముడి కూతురు పద్ధెనిమిదేళ్ళది, మొదట వద్దన్నది; తరువాత ఆమే అద్దం ముందు ఎక్కువసేపు నిలబడ్డది.

ఇంతవరకు అన్నీ ఉల్లాసపు సంగతులే. అయిదోనాటి రాత్రి భోజనాలయ్యాక తమ్ముడు ఒక కాగితం తెచ్చి మా ముందు పరిచాడు. పెరడు పటం అది. అందులో రెండు వాటాల ఇల్లు గీసి ఉన్నది. హోసూరులో కార్ఖానాలు పెరిగినకొద్దీ ఎక్కడెక్కడినుంచో పనికోసం జనం వస్తున్నారు, అద్దెకు గది దొరకడం కష్టంగా ఉన్నది. రెండు వాటాలు వేస్తే వచ్చే అద్దె కూతురి కాలేజీ ఖర్చుకు సరిపోతుంది. తమ్ముడిది చిన్న ఉద్యోగం. ఈ లెక్క అతడు సరదాకు వేసినది కాదు. పటంలో వాటాలు వచ్చినచోట గులాబీలు, నేలసంపంగి, బంతి మళ్ళు పోతాయి. వాటితోపాటు సంపంగిచెట్టు కూడా పోతుంది.

సంపంగిచెట్టు నాన్న పెట్టినది. 1971లో మాలో చిన్నది పుట్టిన సంవత్సరం బెంగుళూరు లాల్‌బాగునుంచి మొక్కగా తెచ్చి, బస్సులో వొళ్ళో పెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు మిద్దెను మించి ఎదిగింది. నాన్న పోయి పదిహేనేళ్ళయింది. మాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. చిన్నది లేచి, "నాన్న చెట్టును కొట్టేస్తావా?" అన్నది.

"కొట్టాలని నాకు మాత్రం సరదానా అక్కా?" అన్నాడు తమ్ముడు.

అంతవరకు గిన్నెలు సర్దుతున్న మరదలు వచ్చి నిలబడ్డది. పాతికేళ్ళనుంచి ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచగా మేము వినలేదు. అప్పుడూ పెంచలేదు. "పూలు చూసేదానికి అందరూ వస్తారు వదినా. పోయిన ఎండాకాలం బోరు ఎండిపోతే రెండునెలలు ట్యాంకరు నీళ్ళు కొన్నాము. మాకు తాగేదానికి రెండు బిందెలు పక్కనపెట్టి, మిగిలినవి అత్తమ్మ చెట్లకు నేనే మోసినాను. చెట్టు ఉండనీ అని చెప్పేదానికి ముందు ఆ నీళ్ళ సంగతి చెప్పండి" అన్నది.

న్యాయమైన ప్రశ్న. చెట్టుమీద ప్రేమ ఉండటం వేరు, ప్రతి పొద్దూ చెట్టు కింద బిందె దించడం వేరు. పండుగకు వచ్చి పూలు తురుముకుని పోయే ఆడపడుచులకు తోట ఎప్పుడూ అందంగానే కనపడుతుంది. మన ఇళ్ళలో ఈ మాట అనగలిగే కోడళ్ళు తక్కువ గాని, అనుకునేవారు తక్కువ కాదు. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్రపట్టలేదు. అమ్మ ఒక్కమాటా మాట్లాడకుండా, మరునాటి కోసం పారిజాతం కింద పంచె పరచి వచ్చి పడుకున్నది.

తెల్లవారి పూలు కోయడం అయ్యాక అమ్మ ముగ్గుపిండి డబ్బా పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అందరం వెంట వెళ్ళాము. గులాబీల పక్కనుంచి మొదలుపెట్టి, నేలసంపంగి మడి మీదుగా, బంతుల మీదుగా నడుస్తూ పిండితో గీత గీసింది. సంపంగికి మూడడుగుల ఇవతల ఆగి మలుపు తిప్పింది. "ఇంతవరకు కట్టుకో. రెండు వాటాలు రావు. ఒక వాటా, ఒక విడిగది వస్తాయి. గులాబి కొమ్మ నాటితే ఎక్కడైనా వస్తుంది. బంతి ఏటేటా చల్లేదే. దుంపలు తవ్వి తొట్లలో పెడతాను. ఈ చెట్టుకు చోటు మార్చలేము, అందుకని దీన్ని ఉండనీ" అన్నది. నాన్న పేరు ఎత్తలేదు. చిన్నది ఏదో అనబోతే, "చెట్టుకు మీరెవరో నేనెవరో ఏం తెలుసు మే? నీళ్ళు తెలుసు. ముందు ఆ పని చూడండి" అన్నది.

తమ్ముడు పటం తీసుకుని మేస్త్రీ దగ్గరకు వెళ్ళివచ్చాడు. విడిగదికి వచ్చే అద్దె వాటా అద్దెలో సగం కూడా ఉండదు. తగ్గిన సొమ్ము ఎవరు పూడ్చాలనేది మా ముగ్గురి మధ్య తేలడానికి రెండురోజులు పట్టింది. ముగ్గురి పరిస్థితి ఒకటి కాదు. చివరకు మేనకోడలి కాలేజీ మొదటి సంవత్సరం జీతం పెద్దదీ నడిపిదీ కడతామన్నారు, బోరు లోతు చేయించే ఖర్చు చిన్నది పెట్టుకుంటానన్నది. ఆ తరువాతి సంవత్సరాల సంగతి తేలలేదు. అది తేలినట్టు ఇక్కడ రాయడం సబబు కాదు.

నీళ్ళ విషయంలో అనుకోకుండా ఒక మేలు జరిగింది. 2003లో తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడుగుంట ఉండాలని ప్రభుత్వం నిర్బంధం చేసింది. అప్పుడు నాన్న మిద్దెనీరు గొట్టంద్వారా పాతబావి పక్కన గుంటలోకి దిగేటట్టు ఏర్పాటు చేయించాడు. నాన్న తరువాత దాన్ని పట్టించుకున్నవారు లేరు. ఆకులూ మట్టీ పడి పూడిపోయింది, మీద చంద్రకాంత మొలిచింది. పెద్దల్లుడుగారు ఆ చోటు గుర్తుపట్టి, పంచె ఎగగట్టి దిగారు. ఆయనవెంట మిగిలిన అల్లుళ్ళు, మగపిల్లలు. ఒకటిన్నర రోజు తవ్వారు. అడుగున పెద్దరాళ్ళు, వాటిమీద జల్లి, దానిమీద ఇసుక. అన్నీ తీసి కడిగి మళ్ళీ వరస ప్రకారం పేర్చారు. గొట్టం నోటికి జల్లెడ కట్టారు. చంద్రకాంతను పెరికేటప్పుడు దాని మిరియాలవంటి గింజల్ని పూణే పిల్లవాడు జేబులో వేసుకున్నాడు. అల్లుళ్ళచేత మట్టి తవ్వించారని వీధిలో నాలుగురోజులు చెప్పుకున్నారట. మరదలు మాత్రం ఆ మధ్యాహ్నం వాళ్ళకు ఓలిగలు చేసిపెట్టింది.

బయలుదేరే ముందునాడు అమ్మ మల్లెపొద దగ్గర కూర్చుని మూడు కొమ్మలను వంచి, కణుపు దగ్గర కత్తితో కొంచెం గీరి, మట్టిలో తొక్కి, ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క రాయి పెట్టింది. ఒకటి కోయంబత్తూరుకు, ఒకటి బెంగుళూరుకు, ఒకటి పూణేకు. ఇప్పుడే కోసి ఇమ్మంటే ఇవ్వలేదు. వేళ్ళు పట్టడానికి మూడునాలుగు నెలలు కావాలి, తొందరపడితే ఎండిపోతుంది, దసరాకు వచ్చి తీసుకుపొమ్మన్నది. మూడో అంతస్తులో ఉండే చిన్నదానికి మాత్రం, కుండీలో పెట్టినా నాలుగు గంటలైనా ఎండ తగలకపోతే ఆకే గాని పువ్వు రాదని, వంటింటి కిటికీ వైపు కాకుండా ముందు వసారాలో పెట్టమని రెండుసార్లు చెప్పింది.

మేము వచ్చిన పన్నెండోనాడు హోసూరులో గట్టివాన పడింది. మరదలు ఫోను చేసింది. గుంటలో రెండడుగుల నీరు నిలిచి తెల్లవారేసరికి ఇంకిపోయిందట. గులాబీ కొమ్మలు ఏడు తొట్లలోకి మార్చారు, అయిదు చిగిర్చాయి. పునాది ఆషాఢం వెళ్ళాక తవ్వుతారు. మేస్త్రీ మూడడుగులు కాదు, రెండడుగులు వదిలితే చాలునంటున్నాడట, అత్తమ్మ ముగ్గుపిండి డబ్బా చాపకిందనే పెట్టుకుని కూర్చున్నదట. పూణేకు పెట్టిన అంటుమీద రాయిని వీధికుక్క తోసేస్తే మళ్ళీ సరిచేసి పెట్టానని కూడా చెప్పింది.